ఆరాం

గుండెపోటు వచ్చిన దుర్గయ్యకు సూదిమందుతో గుండెకు నెత్తురు మళ్లీ పారింది. అయితే తిరిగివచ్చిన ఆ నెత్తురు తాకిడికే లోపలి కండ వాచిందనీ, వాపు తగ్గేదాకా ఆరాం చేయాలనీ నాగపూర్ డాక్టరు హెచ్చరించాడు. మహారాష్ట్ర అంచున ఉన్న వాళ్ల సిరోంచలో ఆరాం ‘చేస్తే’ విశ్రాంతి, ఆరాం ‘అయితే’ స్వస్థత; క్రియ మారితే అర్థమే మారుతుంది. దుర్గయ్య తనకు అనువైన క్రియను పట్టుకున్నాడు. పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టి, ఛాతీ ఒకసారి తడుముకుని, నాగలి భుజానికెత్తేవాడు. భార్య ముత్తక్క రోజూ దింపించేది. విసిగిపోయి, ఒకనాడు నాగలి మీదనే కూర్చుంది.

“లే! ఆరామైందని డాక్టరే అనె గదనే!”

“చెయ్యమన్నడు, అయ్యిందన్లే! ఎండిన చెల్కకు నీళ్లు పారిన్నాడే ఎడ్లను దింపుతవా?”

“పిచ్చిదానా, బురదల దిగవడిపోతయ్!”

“మరి నీ గుండె ఏం పాపం జేసింది?”

దుర్గయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. “ఇగ మంచం వాల్చు,” అన్నాడు చివరికి, తప్పంతా డాక్టరుదే అన్నట్టు.