దయ్యానికి కట్టెందుకు?

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో, నా వాదనకు లొంగని మనిషి భూమ్మీద ఉండడని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (మూఢనమ్మకాల మీద యుద్ధం ప్రకటించినవాడికి ఆ ఒక్క నమ్మకం మిగిలిపోయింది.) కాలేజీ చర్చల్లో దేవుణ్ణీ దయ్యాన్నీ ఒకే సాయంత్రం ఓడించి వచ్చిన నాకు ప్రొద్దుటూరులో సహాయ సర్కారు వకీలుగా ఉద్యోగం దొరికింది. నా పైన సీనియర్ ఒకామె. అందరూ మేడమ్ అనేవారు. మిగతా కుర్చీలు ఖాళీగా ఉండడంతో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడుచోట్లా ప్రభుత్వం తరఫు కేసులు ఆమె చేతి మీదే నడిచేవి. గోనెసంచిలో కేసుకట్టలు పెట్టుకొని ఆమె ఆర్టీసీ బస్సెక్కితే, ముందు సీట్లోని ఎస్సై గారు టోపీ సర్దుకొని లేచేవారు. ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. "పంచనామాలో సంతకం ఏది నాయనా?" అని మెల్లగా అడిగితే చాలు, సర్కిల్ ఇన్‌స్పెక్టర్లకు చెమటలు పట్టేవి. మిషన్ బడి పంతులు కూతురు కాబట్టి బస్సు కదలగానే కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకునేవారు. అదొక్కటే నాకు కొరుకుడుపడేది కాదు. జమ్మలమడుగు వచ్చేదాకా దేవుడు లేడని వాదించేవాణ్ణి. ఆమె అంతా విని, దిగేముందు "బాగుంది నాయనా, సంచి అందుకో" అనేవారు.

ఆ జమ్మలమడుగు కోర్టుకే ఒక కేసు వచ్చింది. దగ్గరి పల్లెలో ఒక అవ్వ చేతబడి చేస్తోందని పక్కింటివాడు ఆమెను చెయ్యి విరిగేలా కొట్టి ఊరు దాటించాడు. అవ్వ కమలాపురంలో కూతురింట్లో తలదాచుకుంది. వాడికి శిక్ష పడితే తప్ప తన ఇంటి తాళం తీసే ధైర్యం ఆమెకు లేదు. ఊరంతా చూసింది గానీ, చూశానని చెప్పడానికి వచ్చినవాడు ఒక్కడే, మేకల మామ అని పిలిచే కాపరి. అతను అడ్డం తిరిగితే కేసు లేదు, అవ్వకు ఇల్లూ లేదు. చేతబడి కేసు! నేను పుట్టిందే దీనికోసమని, మామను నన్నే ప్రశ్నించనివ్వమని మేడమ్‌ను బతిమాలాను. ఆమె "చూసింది అడుగు. అంతకు మించి అడగాకు" అన్నారు.

మామ బోనెక్కాక నేను లేచాను. పేరు, ఊరు అడిగేదాకా బుద్ధిమంతుణ్ణే. తరువాత నాలోని ఉపన్యాసకుడు కూడా లేచాడు. చేతబడి వట్టి మూఢనమ్మకమని ఒప్పుకుంటారు కదా అని అడిగాను. మామ తల అడ్డంగా ఊపి, ఆయమ్మకు మంత్రాలు వస్తాయని తనకు చిన్నప్పటి నుంచీ తెలుసన్నాడు. ఇంక నన్ను ఆపేదెవరు? రుజువేమిటన్నాను, కళ్లతో చూశావా అన్నాను, విజ్ఞానశాస్త్రం ఏం చెబుతోందో చెప్పాను. (అవతలి వకీలు అభ్యంతరం చెప్పాల్సింది పోయి, పెళ్లిభోజనానికి కూర్చున్నవాడిలా హాయిగా నవ్వుతున్నాడు.)

"అట్లయితే మా నాయన్ను పట్టుకున్న దయ్యం యాడిది సామీ?" అన్నాడు మామ. కోర్టు ఘొల్లున నవ్వింది. నేను వాళ్ల నాయన రోగలక్షణాలు అడగడం మొదలుపెట్టాను. మామ ముఖం ఎర్రబడింది. తువ్వాలు భుజాన వేసుకొని జడ్జి గారివైపు తిరిగాడు. "ఈ సారు నన్ను అబద్ధాలోడంటాండాడు. నాకీ సాక్షం వద్దు దొరా, మేకలు ఇడిసిపెట్టి వచ్చినా. నేను పోతా."

వెనక బెంచీలో అవ్వ విరిగి అతికిన చేతిని ఒళ్లో పెట్టుకొని నన్నే చూస్తోంది. అప్పుడు మేడమ్ పులివెందుల కేసుకట్ట పక్కన పెట్టి లేచారు, జడ్జి గారి అనుమతి అడిగారు. ఆమె లేస్తే ఫ్యాను చప్పుడు కూడా వినిపించేది.

"దయ్యాలుండాయా మామా?"

"శానా ఉండాయమ్మా."

"ఉండనీలే. ఆ పొద్దు నువ్వు మేకలు తోలుకొని వస్తా ఏం చూసినావు?"

"అవ్వను కట్టెతో కొడతాంటే చూసినా."

"కొట్టింది దయ్యమా, మనిషా?"

మామ ఆమెను జాలిగా చూశాడు. "మనిషేనమ్మా. దయ్యానికి కట్టెందుకు? ఆడ నిలబడుండాడు సూడు, గీతల చొక్కా."

అవతలి వకీలు నవ్వు మానేసి, నీకూ అవ్వంటే భయమే కదా అని నిలదీశాడు. "భయమే. భయమైతే మాత్రం ముసిలిదాన్ని కొడతారా?" అన్నాడు మామ. ఇన్నేళ్ల నా చర్చల్లో అంత సూటి వాక్యం నేను ఒక్కటీ పలకలేదు.

తిరుగు బస్సులో రాజీనామా మనసులోనే రాసుకుంటున్నాను. మేడమ్ సంచి నా ఒళ్లో పెట్టి, "నువ్వు చెప్పిందంతా నిజమే నాయనా. ఇంగో పదేండ్లకు మామ కూడా ఒప్పుకుంటాడేమో. అవ్వకు ఇల్లు ఇప్పుడు గదా కావాల్సింది" అన్నారు. ఆ పూట నేను దేవుడి ప్రస్తావన తేలేదు.

వాడికి శిక్ష పడింది. అవ్వ తాళం తీసింది. (మామ మాత్రం ఆమె గుమ్మం ముందు మేకల్ని నిలబడనిచ్చేవాడు కాదట.) మేడమ్ పదవీ విరమణ చేశాక ఆ కుర్చీలోకి నేను వచ్చాను. సాక్షిని ప్రశ్నించడానికి లేచిన ప్రతిసారీ నాలుక చివర ఇంకా "మూఢనమ్మకం" అనే మాట దురద పెడుతూనే ఉంటుంది. ఆ రోజు నాలోని కుర్రవాడు చేసిన వాదనలో తప్పేమీ లేదు, ఇప్పటికీ అందులో ఒక్క అక్షరం మార్చను. కాకపోతే అతణ్ణి కూర్చోబెట్టడానికి అప్పుడు వెనక ఒకామె ఉండేవారు. ఇప్పుడు నా అంతట నేనే కూర్చోవాలి.