సారు పుస్తకంలో మేకలు

తొండుపల్లి దుర్గవ్వకు మేకలంటే ప్రాణం, చదువుకున్నవాళ్లంటే ఒళ్లుమంట. ఆ మంట రాజేసింది శివశంకర్ సారు.

ఊరి వెనక బండల మధ్య మొరం నేలలో, తొలకరి పడ్డాక వేలెడంత మొక్కకు ఊదాపువ్వు పూస్తుంది. వారం రోజులు ఉంటే ఎక్కువ. మొక్కల సర్వే చేసే సారు నిరుడు దాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు. భూతద్దం పెట్టి రేకులు లెక్కపెట్టాడు. ఎండు నేలల్లో తప్ప బతకదని, ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదని తేల్చాడు. దుర్గవ్వ పుట్టినప్పటి నుంచి చూస్తున్న పువ్వును ఈయన కనిపెట్టాడట!

"ఇది ఎలాంటి చోట పెరుగుతుందమ్మా?" అని అడిగాడు.

"మా మేకలు తిరిగే కాడ్నే సారూ. అవి గడ్డి కొరికితెనే దీనికి ఎండ తగుల్తది. దీన్నయితే ముట్టయి, చేదు."

సారు పుస్తకంలో బండ రాశాడు, మొరం రాశాడు, ఎండ రాశాడు. మేకలను మాత్రం పువ్వును పాడుచేసేవాటి వరుసలో రాశాడు. అంత చదువు చదివితే చెవులు పనిచేయవు కాబోలు. నెల తిరక్కుండా ఇనుప కంచె లేచింది. మేకలకు ప్రవేశం లేదని బోర్డు కూడా పెట్టారు, అవి చదువుకుంటాయని. ఇక దుర్గవ్వకు మిగిలింది కంచెకూ ఊరి పక్కనున్న విమానాశ్రయం గోడకూ మధ్య సన్నని బాట. మేత చాలక పద్నాలుగు మేకల్లో ఆరింటిని అమ్మేసింది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఈ ఏడు తొలకరికి సారు మరో ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చాడు. కంచె లోపల నడుములోతు గడ్డి. ముగ్గురూ గంటసేపు వంగి వెతికారు. ఒక్క పువ్వు లేదు.

"వానలు సరిగా పడలేదండీ," అన్నాడు సారు, అంత గడ్డిలో నిలబడి. సిగ్గు కూడా లేదు.

బయట బాట మీద మేకలు కాస్తున్న దుర్గవ్వ కనిపించింది.

"ఏమ్మా, అటువైపు ఎక్కడైనా పూసిందా? చెప్పండి, అక్కడా కంచె వేయించేద్దాం."

దుర్గవ్వ కాళ్ల దగ్గర, మేకలు కొరికిన మొరంలో, మూడు పూలున్నాయి. ఇక్కడా కంచె పడితే మేకలూ పోతాయి, పువ్వూ పోతుంది. ఆమె భుజం మీది గొంగడి వాటి మీద జారవిడిచింది.

"ఈడేముంటది సారూ. మేకలు తిరిగే జాగ గదా."

"అవునవును," అని సారు తలూపాడు.

కారు మలుపు తిరిగాక గొంగడి తీసింది. ఒక పువ్వు రేకు నలిగింది. దానికి కూడా సారునే తిట్టింది.