సంసోను మీసానికి బయానా

కారేపల్లిలో మేక తప్పిపోయినా, పెళ్లి ముహూర్తం మారినా ఊరికి ముందుగా తెలిసేది సంసోను గొంతులోనే. ఆయనకో ట్రాలీ ఆటో ఉంది. దాని మీద రెండు హారన్ మైకులు, వెనక యాంప్లిఫయరు, బ్యాటరీ. ఆటో పక్కన పసుపు రంగులో ‘మీసాల సంసోను మైక్ సెట్’ అని రాయించాడు. అక్షరాల కింద పెయింటరు తన సొంత ఉత్సాహంతో ఒక మీసం బొమ్మ కూడా వేశాడు. అసలు మీసం ఆ బొమ్మకేమీ తీసిపోదు. కొసలు పైకి మెలితిరిగి ఉంటాయి. మైకు పట్టుకున్నప్పుడు కుడి కొస మైకుకు తగిలి చిన్నగా గరగరమంటుంది. అది వింటే చాలు, సంసోను వచ్చాడని అర్థం.

నలభై దాటిన మనిషి. తండ్రి ఇల్లెందు బొగ్గుబావిలో పనిచేశాడు. సంసోను గొంతును నమ్ముకున్నాడు. పెళ్లిళ్లు, క్రైస్తవ సభలు, తండాల్లో తీజ్ పండుగ, ఎన్నికలు. ఏ పార్టీ పిలిచినా పోతాడు. “గొంతు కిరాయికి, ఓటు నాకు” అంటాడు. మైకులో ఒకసారి చెప్పిన మాటను వెనక్కి తీసుకునే అవసరం ఆయనకు ఇంతవరకు రాలేదు. అదే తన పెట్టుబడి అని చెప్పుకుంటాడు.

అలాంటి మనిషి కంప్యూటర్ ఆటలో పడ్డాడు.

రైల్వే స్టేషను దారిలో రవీందర్ నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో స్పీకర్లు గుయ్యిమంటున్నాయంటే బాగుచేయడానికి సంసోను వెళ్లాడు. అక్కడ కుర్రాళ్లు ఒక ఆట ఆడుతున్నారు. ఇద్దరు ఆటగాళ్లు, చెరో స్థావరం. కూలీలను పెట్టి గనులు తవ్వించాలి, తవ్విన దానితో సైన్యాన్ని కట్టాలి, ఎదుటివాడి స్థావరాన్ని కూల్చాలి. కొరియా దేశంలో దీన్ని ఉద్యోగంగా ఆడేవాళ్లున్నారు, స్టేడియాలు నిండుతాయి, జీతాలు ఇస్తారు. కారేపల్లిలో దీని పేరు దండు ఆట.

సంసోను స్పీకరు సంగతి మరిచిపోయి తెర ముందు నిలబడ్డాడు.

“తవ్వేటోళ్లు గింత మంది ఉన్నరు, పైకప్పుకు దుంగలు నిలవెట్టేటోడు ఏడిరా? బావి కూలదా?” అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఆ రోజు చీకటి పడేదాకా కదల్లేదు. తర్వాత కూడా కీబోర్డు ఎన్నడూ ముట్టలేదు. ముట్టమంటే, “నేను సినిమా చూస్త, తియ్యమంటవా?” అనేవాడు.

కొరియా మ్యాచ్‌లు కారేపల్లికి వచ్చే దారి వేరు. ఇక్కడి ఫోన్ లైను నెట్టు మీద వీడియో అన్నది కలలో మాట. కానీ ఆటను చిన్న ఫైలుగా దాచుకోవచ్చు. ఎవరు ఎప్పుడు ఏ ఆజ్ఞ ఇచ్చారో అందులో ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లో తెరిస్తే ఆ ఆట మొదటి నుంచి చివరిదాకా మళ్లీ నడుస్తుంది. దాన్ని రిప్లే అంటారు. ఖమ్మంలో జిరాక్సు షాపులో పనిచేసే హీరాలాల్, కారేపల్లి పక్క తండావాడు, శనివారం అక్కడి నెట్ సెంటర్‌లో వాటిని దించుకుని, ఫ్లాపీలో వేసుకుని, ఆఖరి బస్సుకు ఊరొస్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం, ఆట.

కంప్యూటరు తెర చిన్నది, జనం ఎక్కువ. గదిలో పదిమంది పడతారు. మిగతావాళ్లు బయట రోడ్డు మీద. వాళ్ల కోసం సంసోను ఒక సౌండు బాక్సు గుమ్మానికి కట్టి వ్యాఖ్యానం మొదలుపెట్టాడు.

“ఉత్తరం దిక్కున మొదటి షిఫ్టు దిగింది! దక్షిణం దిక్కోడు ఇంక పండ్లే తోముతుండు!”

బయటివాళ్లకు అదే తెర.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఐదు ఆటల్లో మూడు గెలిచినవాడిది మ్యాచ్. ఒకసారి ఫ్లాపీలో మూడే ఫైళ్లున్నాయి. అంటే ఒకడు వరసగా మూడూ గెలిచేశాడని చూడకముందే తెలిసిపోయింది. మొదటి ఆట అయ్యేసరికి జనం టీకి లేచిపోయారు. దాంతో ఊరంతా కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. మ్యాచ్ ఎన్ని ఆటల్లో ముగిసినా హీరాలాల్ ఐదు ఫైళ్లే తేవాలి. తక్కువ పడితే అదే ఇద్దరి పాత ఆటలు ఏవో చివర్లో కలపాలి. మ్యాచ్ తేలిపోగానే ఆపేస్తారు కాబట్టి వాటిని ఎవరూ తెరవరు. ఫలితం ముందే తెలిసినవాడు హీరాలాల్ ఒక్కడే గనక, వాడు నోరు మూసుకోవాలి. వాడి మొహం చూసి కూడా కొందరు పసిగడుతున్నారని తేలాక, ఆట నడిచినంతసేపూ తలమీంచి తువ్వాల కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చోవాలన్నారు. వాడు అలాగే కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు వాడికి జ్వరమనుకునేవారు.

ఆ ఏడు పెద్ద టోర్నీ ఫైనల్‌కు వచ్చినవాళ్లిద్దరికీ కారేపల్లిలో వేరే పేర్లున్నాయి. కొరియా పేర్లు నోరు తిరగక ఒకణ్ని పెద్దాయన అన్నారు, ఇంకొకణ్ని బుడ్డోడు అన్నారు. పెద్దాయనకు ఇరవై ఐదు. ఆ ఆటలో అది ముసలితనం. నాలుగుసార్లు ఫైనల్‌కొచ్చి నాలుగుసార్లూ ఓడాడు. బుడ్డోడికి పదిహేడు, ఓటమి ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. సంసోను పెద్దాయన మనిషి. బుడ్డోడి పక్షాన లెక్కల మాస్టారు వెంకటరామారావు ఉన్నాడు. ఆయనది ఎర్రుపాలెం, ఉద్యోగం ఇక్కడ.

“చూడు సంసోనూ, ఈ ఆటలో వయసు దాటితే వేళ్లు మొరాయిస్తాయి. బుడ్డోడు నువ్వు తుమ్మేలోపు పది పనులు చేస్తాడు” అన్నాడు మాస్టారు టీ కొట్టు దగ్గర.

“కుట్టుమిషను గూడ జల్దీ జల్దీ పొడుస్తది సారూ. ఏడ కుట్టాల్నో ఎరుక ఉండాలె గద.”

“నాలుగు ఫైనళ్లు పోయినవాడికి ఏం ఎరుకయ్యా?”

“ఓడుడంటే ఏందో పూరా ఎరుక. బుడ్డోనికి అది సుత తెల్వది.”

ఈ వాదన సెమీఫైనల్ నాటి ఆదివారం మైకు ముందు మళ్లీ లేచింది. మాస్టారు ఏదో అన్నాడు, సంసోను ఉడుక్కున్నాడు. “పెద్దాయన గిన ఫైనల్ల ఓడితే నా మీసం తీసేస్త!” అన్నాడు. మైకు ఆపలేదన్న సంగతి అన్నాక గుర్తొచ్చింది. స్టేషను నుంచి చర్చి దాకా అందరూ విన్నారు. బోరింగు దగ్గర బిందె నింపుకుంటున్న ఆయన భార్య విశ్రాంతమ్మ కూడా విన్నది.

“బైబిల్ల సంసోను బలం పోయింది జుట్టు కోసినంకనే గద. ఆ పేరు పెట్టుకున్నోడు వెంట్రుకల మీద పందెం కాస్తడా? గుడిల ఇన్నేండ్లు ఏం విన్నవయ్యా?” అంది ఇంటికొచ్చాక.

“మైకుల అన్న, విశ్రాంతం. ఇగ ఏం జేస్త.”

ఫైనల్ ఆదివారం రోడ్డు నిండిపోయింది. తండాల నుంచి సైకిళ్ల మీద వచ్చారు. దండు ఆట అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా మీసం సంగతి తెలిసి వచ్చారు. హీరాలాల్ ఫ్లాపీ ఇచ్చి, తువ్వాల కప్పుకుని గోడకు తిరిగాడు. రవీందర్ మొదటి ఫైలు తెరిచాడు.

సంసోను గొంతు హుషారుగా లేచింది. పెద్దాయన మొదటి షిఫ్టు దించాడు, రెండో గని తెరిచాడు, కొండ దారిలో కాపలా పెట్టాడు. బుడ్డోడు వెనక దారిలో వచ్చి ఆ గనిని కాల్చేశాడు. వ్యాఖ్యానం మెల్లగా సంతాప ప్రకటనలా మారింది. మొదటి ఆట పోయింది.

గోడ దగ్గర తువ్వాల ఒక్కసారి కదిలింది. సంసోను చెప్పిన కొండదారి, కాలిన గని విని హీరాలాల్ ఆ ఆటను పోల్చుకున్నాడు. అది ఫైనల్ కాదు, ఖమ్మంలో ఎప్పుడో చూసిన పాత ఆట. ఫైనల్‌ను పెద్దాయన వరసగా మూడు ఆటల్లో గెలిచాడు. ఆ సంగతి చూసిన సంబరంలో, బస్సు పోతుందన్న తొందరలో, వాడు చివర్లో కలపాల్సిన రెండు పాత ఆటలను ముందుగా దించి వాటికి ఒకటి, రెండు అని నంబర్లు వేశాడు. అసలు ఆటలు మూడు, నాలుగు, ఐదు అయ్యాయి. ఆ పాత ఆటలు రెండూ పెద్దాయన ఓడినవే.

ఇప్పుడు చెబితే? ముందు రెండూ కలిపినవంటే అసలువి మూడేనని, ఎవరో వరసగా గెలిచారని తేలిపోతుంది. ఇంత జనం వచ్చిన ఫైనల్ అక్కడికక్కడే చస్తుంది. వాడు తువ్వాల ఇంకొంచెం ముందుకు లాక్కున్నాడు.

రెండో ఆట కూడా పోయింది. అప్పుడే కరెంటు పోయింది.

మాస్టారు నిదానంగా బయటికొచ్చాడు. “సంసోనూ, ఇంకొక్కటి. మంగలి చెంచురామయ్యను పిలవమంటావా?”

“మూడు పోతె గద సారూ! ఇంక రెండే పోయినై.”

“నిజమే. మరి నువ్వు పెళ్లికి మైకు కట్టాలంటే ఏం అడుగుతావు?”

సంసోను నోరు తెరిచేలోపే జనంలోంచి ఎవరో అందించారు. “బయానా!”

కారేపల్లిలో అది అందరికీ తెలుసు. సగం కిరాయి ముందుగా బయానా కింద చేతిలో పడకపోతే సంసోను ఆటో కదలదు. సొంత మేనమామ ఇంట్లో పెళ్లికి కూడా బయానా తీసుకునే మైకు కట్టాడు. ఇప్పుడు ఊరు ఊరంతా బయానా అడిగింది.

“సగం ఇయ్యి మామా!” “ఎడమ పక్క ఇయ్యి!” “నీ రూలే గదనే!”

“కరెంటొచ్చేదాక ఆగున్రి!” అని తువ్వాల లోపలి నుంచి గట్టిగా వినపడింది.

“ఏయ్ తువ్వాలా, నోరు మూస్కో!” అన్నారు అందరూ ఒక్కసారే. మాస్టారికి అనుమానం వచ్చింది. “వాడెందుకు ఆపుతున్నాడు?” అని గోడవైపు చూశాడు. హీరాలాల్ గొంతు సవరించుకుని, “గాలాడ్తలేదు సార్, గందుకే” అన్నాడు.

సంసోను స్టూలు తెచ్చుకుని రోడ్డు పక్కన తనే కూర్చున్నాడు. “రూలు రూలే. చెంచన్నా, ఎడమ దిక్కు తియ్యి. కుడి దిక్కు కత్తి పోయిందంటే మర్యాద దక్కది.”

ఎదురు కొట్టు నుంచి మంగలి చెంచురామయ్య సామాను తెచ్చాడు. ఇన్నేళ్లుగా ఆ మీసం కొసలు కత్తిరించినవాడు ఆయనే. నురగ రాస్తూ, “ఆలోచించినవా సంసోనూ?” అన్నాడు.

“మైకుల అన్న.”

రెండు గీతల్లో ఎడమ సగం పోయింది. జనం చప్పట్లు కొట్టారు. మనిషి కొత్తగా, ఏదో పక్కకు ఒరిగినట్టుగా కనబడ్డాడు.

కరెంటు వచ్చింది. మూడో ఫైలు తెరిచారు. పెద్దాయన ఈసారి కొండదారిని అసలు పట్టించుకోలేదు. బుడ్డోడు సైన్యం కట్టుకునేలోపే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సంసోను మొదట నమ్మలేదు. తర్వాత గొంతు పెరిగింది. నాలుగో ఆట సగానికి వచ్చేసరికి బయట జనం సైకిళ్ల బెల్లులు కొట్టడం మొదలుపెట్టారు. ఐదో ఆటలో బుడ్డోడి ఆఖరి గని కాలుతున్నప్పుడు సంసోను, “బావి మూసిండు! బుడ్డోని బావి మూసిండు! లాకౌటూ!” అని అరిచాడు. సౌండు బాక్సు గుమ్మం నుంచి ఊడి కిందపడింది. అది లేకుండానే మిగతాది ఊరంతా విన్నది.

ఆయన్ను భుజాల మీద ఎత్తారు. సున్నా రెండు నుంచి లేచి కప్పు కొట్టాడన్నారు. ఇలాంటిది ఎప్పుడూ జరగలేదని మాస్టారే ఒప్పుకున్నాడు. అప్పుడు హీరాలాల్ తువ్వాల తీసి, గోడ వదిలి, ఏడుపు మొహంతో ముందుకొచ్చాడు.

“మామా, తప్పయింది. ముందటి రెండు ఫైనల్ గాదు. పాతయి. నంబర్లు ఉల్టా పడ్డయి. పెద్దాయన అసలు ఒక్క ఆట గూడ ఓడలే.”

అందరూ సంసోను మూతి ఎడమ పక్కకు చూశారు. ఓడని ఆటలకు పోయిన మీసం అది. మాస్టారు నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. సంసోను హీరాలాల్‌ను కాసేపు తేరిపార చూసి, మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు.

“నోరు మూస్కొని ఉంటివి చూడు, గదే నయమాయె అల్లుడా. చెప్తివంటే మీసం దక్కునేమో గని, గీ ఆట దక్కునా? సున్నా రెండు నుంచి నేనైతే లేచిన గద!”

“మరి బయానా వాపసు?” అని ఎవరో అడిగారు.

“బయానా వాపసుండది. అది సుత నా రూలే.”

అసలు చిక్కు ఇంట్లో మొదలైంది. విశ్రాంతమ్మ అద్దం, రేజరు ముందు పెట్టి, మిగతా సగం కూడా తీసెయ్యమంది. ఆయన ససేమిరా అన్నాడు. “గెల్చినోడు మీసం తీస్తడా? ఇది గూడ తీస్తే పెద్దాయన ఓడినట్టే అయితది.” తెల్లారి ఆ సగం మీసంతోనే ఆటో ఎక్కి విద్యుత్ కోత వేళలు చెప్పాడు. పెళ్లివారు ఒక చూపు చూసి, కారణం విని, మైకు ఖాయం చేశారు. వారమంతా కారేపల్లిలో ఆయన ఏ వీధికి పోతే ఆ వీధివాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

శుక్రవారం అన్నం వడ్డిస్తూ విశ్రాంతమ్మ అడిగింది. “ఇంతకు ఆ పెద్దాయనకు మీసమున్నదా?”

సంసోను చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. రిప్లేలో కనిపించేది సైన్యమే. ఆడేవాడి మొహం ఎవరూ చూడలేదు.

ఆ మరునాడు హీరాలాల్ ఖమ్మం నుంచి ఫ్లాపీతో పాటు ఒక ఫోటో ప్రింటు తీయించుకొచ్చాడు. ఆదివారం నెట్ సెంటర్ ముందు అందరూ మీద పడి చూశారు. చేతిలో కప్పు, బక్కపలచని కుర్రాడు, నున్నటి మొహం. పెదవి మీద ఒక్క వెంట్రుక లేదు.

మాస్టారు ఆ ఫోటోను సంసోను మొహం పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు. “నీ ఎడమ సగం అచ్చం ఆయనే” అన్నాడు.

సంసోను ఫోటో లాక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కుడి కొస మెలితిప్పి మైకు అందుకున్నాడు. అది గరగరమంది. వచ్చే టోర్నీలో పెద్దాయన నిలుస్తాడా లేదా అన్న వాదన అప్పటికే టీ కొట్టు దాకా పోయింది.