‘ఓ మహిళ’కు సవరణ

పదకొండేళ్లు నేను ‘పల్లెదివిటీ’ అనే వారపత్రిక నడిపాను. నడిపాను అనడం కొంచెం పెద్ద మాటే. మేడ్చల్‌లో ఓ రేకుల గది, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, అక్షరాలు కూర్చడానికి ఒక మనిషి. వార్తలు, ప్రకటనలు, తప్పులు మాత్రం అన్నీ నావే.

ఆ పాత సంచికల కట్టలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా దించి చూపిస్తాను, వాళ్లకు ఓపిక ఉన్నా లేకున్నా. “ద్రాక్ష పందిళ్లకు రాతి కడీలు మా వద్ద లభించును” అని ఒక ప్రకటన. ఆ పందిళ్లున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. “పెళ్లిళ్లకు కొత్త సైకిళ్లు కిరాయికి ఇవ్వబడును” అని ఇంకొకటి. దూలపల్లిలో తప్పిపోయిన మేక గురించి ఒకటి: “తెల్లది, ఎడమ చెవి మీద నల్ల మచ్చ, మెడలో ఎర్ర తాడు.” ఆ మేక దొరికింది. దొరికినట్టు మరుసటి వారం ఇంకో ప్రకటన కూడా ఇచ్చారు. అంత మర్యాద తెలిసిన రోజులు.

మేకకు చెవి మచ్చ దాకా రాసిన నేను, ఒక మనిషికి పేరు రాయలేదు. ఈ సంగతి నాకు ముప్పై ఏడేళ్లు గుర్తే లేదు. భిక్షం వచ్చి గుర్తు చేశాడు.

భిక్షం మా పత్రికకు శామీర్‌పేట ఏజెంటు. కట్ట సైకిలుకు కట్టుకుని వెళ్లి ఇల్లిల్లూ తిరిగి వేసేవాడు. అయిదో తరగతి దాకా చదివాడు కాబట్టి, పంచే ముందు మొత్తం తానే చదివేసేవాడు. అతని భార్య బాలనర్సమ్మకు అక్షరం ముక్క రాదు. చెరువు చేపలు తెచ్చి కరీంనగర్ రోడ్డు పక్కన అమ్ముతుంది. ఇప్పటికీ అమ్ముతూనే ఉంది.

ఈ మధ్య ఒక పొద్దున భిక్షం మా ఇంటికొచ్చి, చాయ్ ఇచ్చినా ముట్టకుండా కూర్చున్నాడు.

“పరేషాన్ అయితాంది సారు. ముసల్ది సదువు నేర్సుకుంటాంది.”

“మంచిదే కదా.”

“ఏం మంచిది సారు. పొదుపు సంఘంల ఏలిముద్ర ఎయ్యనంది, సంతకం పెడ్తనంది. మా మనుమరాలు సృజన పలక కొనిచ్చి దిద్దిపిస్తాంది. బస్సు మీద బోర్డులు గూడ కూడబలుక్కుంటాంది. ఇగ పది దినాలైతే గా ముక్క సదువుతది.”

ఏ ముక్క అని అడిగాను. అప్పుడు చెప్పాడు. శామీర్‌పేట చెరువు నిండి అలుగు పోసిన ఏడాది, నేను కెమెరా పట్టుకుని వెళ్లి ఒక ఫొటో తీశాను. మోకాలి లోతు నీళ్లలో, కొంగు నడుముకు దోపి, వల ఎత్తి నవ్వుతున్న పడుచు. ఆమే బాలనర్సమ్మ. భిక్షం భార్య అని నాకప్పుడు తెలియదు. పత్రిక వచ్చిన రోజు ఆమె భర్తను అడిగిన మొదటి మాట “నా పేరు పడ్డదా?” అని. భిక్షం ఫొటో కింది వరుస చూశాడు, భార్య ముఖం చూశాడు, “పడ్డది” అన్నాడు. పైగా చదివి వినిపించాడు: “అలుగు వద్ద చేపలు పడుతున్న బాలనర్సమ్మ.”

ఆ ముక్క కత్తిరించి ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆమె దాన్ని తక్కెడ పక్కన మేకుకు తగిలించింది. అంగడికి ఎవరొచ్చినా చదవమనేది. భిక్షం వెనక నిలబడి కళ్లతోనే బతిమాలేవాడు. ఎరిగినవాళ్లూ ఎరగనివాళ్లూ అందరూ “బాలనర్సమ్మ” అనే చదివారు.

నేను అటకెక్కి కట్ట దించాను. సంచిక దొరికింది. ఫొటో కింద నా మాటలే: “అలుగు వద్ద చేపలు పడుతున్న ఓ మహిళ.”

“అసొంటిదే ఇంకోటి పేరు పెట్టి చేసియ్యి సారు. కంప్యూటర్ల అన్నీ అయితయట గదా. కవర్ల మార్చి పెడ్త.”

నాకు ఒళ్లు మండింది. భిక్షం మీద కాదు. ఆ నీళ్లలోకి పాంటు మడిచి దిగినవాణ్ని, “నీ పేరేంటమ్మా” అని అడగడానికి నోరు రాలేదా అని నా మీద నాకే.

“దొంగ పేపరు చెయ్యను. తప్పు నాది, సవరణ నేనే వేస్తా” అన్నాను. పత్రికవాళ్లకు తప్పు దిద్దుకునే దారి ఒక్కటే. ఆ సవరణ ఫోనులో నేనే కొట్టి, ఒక దినపత్రిక జిల్లా పేజీకి చిన్న ప్రకటనగా పంపాను.

అది పడిన రోజు ఇద్దరం శామీర్‌పేట వెళ్లాం. భిక్షం పేపరు చంకలో పెట్టుకున్నాడు. బాలనర్సమ్మ అంగట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపకు పొలుసు తీస్తోంది.

“ఓ మాట చెప్పాలె” అని భిక్షం మొదలుపెట్టాడు. “గా ఫొటో కింద...”

“నా పేరు లేదు” అందామె, తల ఎత్తకుండానే. “నెల కిందనే ఎరుకైంది. నా పేరు ‘బా’తోని మొదలైతది. గా ముక్కల ఏడ దేవులాడినా ‘బా’ లేదు. నువ్వే చెప్తవని చూస్తున్న.”

ఆమె చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

“అబద్ధమాడినవ్. గని ఇన్నేండ్లు వచ్చినోళ్లందరి నోట నా పేరు పలికిపిచ్చినవ్. పో, గది గూడ లెక్కనే.”

భిక్షం చంకలోంచి పేపరు తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఎంతసేపు పట్టినా మేమిద్దరం అందించలేదు. చేపల కోసం వచ్చినవాళ్లు కూడా ఆగారు. “సవరణ. పల్లెదివిటీలో ఓ మహిళ అని వేసిన ఫొటోలోని వారు శామీర్‌పేట భిక్షం భార్య...” అక్కడ ఆగింది. ‘బా’ దగ్గర వేలు కాసేపు కదల్లేదు. ముఖం వెలిగింది. మళ్లీ కదిలింది. చివరికొచ్చి మళ్లీ ఆగింది. ఈసారి కనుబొమలు ముడిపడ్డాయి.

“సారూ, మ కింద వత్తేది?”

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. “బాలనర్సమ” అని ఉంది. పేపరువాళ్లను అనడానికి లేదు. ఫోనులో కొట్టింది నేనే.

“సృజన నాతోని నూరుసార్లు దిద్దిపిచ్చింది. వత్తు లేకుంటే నేను గాదు. మల్ల ఏపియ్యి” అంది.

భిక్షం నవ్వడం మొదలుపెట్టాడు. నేను జేబులోంచి నోటుబుక్కు తీసి, ముప్పై ఏడేళ్ల కింద అడగాల్సిన మాట అడిగాను.

“నీ పేరు చెప్పమ్మా.”

“చెప్పుడెందుకు, ఇటియ్యి” అని పెన్ను లాక్కుంది. కాగితం చిరుగుతుందేమో అన్నంత ఒత్తి రాసింది. చివరి మ కింది ఒత్తు, రెండు గీతలు దాటి కిందికి దిగింది.