కచ్చా కుట్టు

తెలంగాణ రాష్ట్రం రాకముందు మాట. ఏదో పని మీద కాకినాడ నుంచి వచ్చి, ఉప్పల్‌లో నాచారం బస్సెక్కాను. పక్క సీట్లో ఇంచుమించు నా వయసావిడ బొంత కుడుతోంది. బట్టల కంపెనీలో పనట. కటింగులో మిగిలిన పీలికలు తెచ్చుకుంటుందట.

కుట్టి ఉన్న ఒక ఎర్ర ముక్కను విప్పేస్తోంది. ఎందుకని అడిగాను.

"ఇది మా ఇంటాయన మీది కోపం అక్కా. కోపమొచ్చిన దినం దూరం దూరం కచ్చా కుట్టేస్త, కోపం పోయినంక ఇప్పేస్త. గీ తెల్లది మా అమ్మ సచ్చిపోయినప్పటిది. గది పక్కా కుట్టు. ఇగ ఇప్పేదేముంది?"

నాకు సగమే అర్థమైంది. మధ్యలో ఒక నల్ల ముక్క వేలాడుతోంది, దారం కూడా మాసిపోయింది. సాయం చేస్తున్నాననుకుని, "దీనికీ పక్కా కుట్టు వేసేయండి, ఊడిపోయేలా ఉంది" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అది మా చెల్లె అక్కా. మూడేండ్లాయె నాతోని మాట్లాడక. పక్కా కుట్టేస్తే ఇగ రాదన్నట్టే గద."

ఆవిడ సంచిలోంచి నీలం ముక్క తీసి, బొంత అంచున కుట్టడం మొదలుపెట్టింది. నేను కట్టుకున్నదీ నీలం చీరే.

"ఇది నేనా?" అన్నాను. నవ్వింది. ఇంతలో కంపెనీ స్టాపు వచ్చింది, బొంత చుట్టుకుని దిగిపోయింది.

వేసింది కచ్చా కుట్టో, పక్కా కుట్టో నాకు కనబడలేదు. ఏది వేసి ఉంటే బాగుండేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.