మిద్దెకెక్కిన రాక్షసగుడి రాయి

పిరమిడ్ అంటే నాకు పిచ్చి. కర్నూలు బడిలో చరిత్ర చెప్పే అయ్యవారిని. ఈజిప్టు పాఠం రాగానే నల్లబల్ల మీద రాజుగారి పిరమిడ్ గీసి, దాని చుట్టూ రాణులకు, మంత్రులకు చిన్న చిన్న సమాధులు గీస్తూ పాఠాన్ని సాగదీస్తాను. ఇంటికొచ్చాక కూడా అదే గోల. ఒకరోజు నా భార్య కరుణమ్మ కంచంలో జొన్నరొట్టె వేస్తూ, "ఆ రాజు సంగతి సరేగానీ, మా పుట్టింటికాడ రాక్షసగుళ్ళంటారే, ఆ సమాధులు ఎప్పుడన్నా చూసినారా?" అంది. చూడలేదు. ఆ ఆదివారమే ఆమె అన్న, మా బావ దేవదానం కొత్త మిద్దెలో గృహప్రవేశ ప్రార్థన. స్వామికార్యం, స్వకార్యం రెండూ తీరుతాయని శనివారం పొద్దున్నే బయలుదేరాం.

రాజధాని వచ్చినప్పటి నుంచి కర్నూలులో ఎటు చూసినా సర్కారు కచేరీల డేరాలే. వాటి పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ కోడుమూరు బస్సు కదిలింది. మనిషికి రూపాయి లోపే చార్జీ, రెండు గంటల లోపే ప్రయాణం. డ్రైవరు పక్కనే కూర్చున్నాను. ఎక్కడికని అడిగితే రాక్షసగుళ్ళు చూడటానికి అన్నాను. పగలబడి నవ్వాడు.

"వాటిని చూసేకి దుడ్లు పెట్టి వస్తాండావా అయ్యవారా? వాన వస్తే మా గొర్రెలు వాటి కింద ఊరికేనే నిలబడతాయి!"

కోడుమూరులో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. అక్కడ ఈ రెండూ తినకుండా ముందుకు పోవడం పాపం. బావ ఎద్దులబండి కట్టుకుని వచ్చాడు. నల్లరేగడి చేలు దాటి గంటన్నర పోతే బోడిగుట్ట వాలులో కనిపించాయి ఆ గుళ్ళు. నిజానికి గుళ్ళు కావు, ఎప్పటివాళ్ళో తమ చచ్చినవాళ్ళ కోసం కట్టుకున్న రాతి గదులు. నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఒక పెద్దబండ కప్పి, చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చారు. తూర్పు పలకకు మాత్రం గుండ్రటి చిల్లు ఒకటి. నడుమ పెద్దది ఒకటి, దాన్ని ఆనుకుని చిన్నవి బోలెడు. నేను నల్లబల్ల మీద గీసే బొమ్మే! పిల్లాడిలా ఒకదాని నుంచి ఇంకోదానికి పరుగెత్తాను. చివరనున్న ఓ చిన్న గుడికి తూర్పు పలక లేదు, లోపలంతా బట్టబయలుగా ఉంది.

"దీని పలక ఏమైంది బావా?"

బావ దగ్గి, ఎద్దు వీపు తట్టి, "ఇంటికి పోదాం పా, చెప్తా" అన్నాడు.

చెప్పనక్కరలేకపోయింది. కొత్త మిద్దె లోపలికి వెళ్ళి తలెత్తితే పైకప్పులో కనిపించింది ఆ పలక, సున్నం కొట్టుకుని, నిగనిగలాడుతూ. మా వైపు మిద్దెలకు కిటికీలు తక్కువ. వెలుతురు కోసం కప్పులో గవాచి అనే కంత పెడతారు. ఇంత గుండ్రటి చిల్లున్న రాయి ఊరికే పడి ఉందని మావాడు నలుగురిని పెట్టి మోయించుకొచ్చాడు.

మా అత్తమ్మ మాత్రం పాత కొట్టం ముందు కూర్చుని ఉంది. ఆ రాయి ఉన్నంతవరకు కొత్త ఇంట్లో కాలు పెట్టనంది. తల్లి రాని ఇంట్లో ప్రార్థన ఎలా చేయించాలో తెలియక బావ ముఖం పీక్కుపోయింది.

"నువ్వు చదువుకున్నోడివి బావా, అవి ఉత్త రాళ్ళని అమ్మకు నువ్వన్నా చెప్పు."

నేను గొంతు సవరించుకున్నాను. "అత్తా, ఈజిప్టులో అంత పెద్ద పిరమిడ్ పైరాళ్ళనే ఊడదీసి ఊళ్ళో కట్టడాలకు వాడుకున్నారు."

"ఆ పని చేసినోళ్ళను నువ్వు మెచ్చుకుంటాండావా అల్లుడా?"

ఏనాడూ మెచ్చుకోలేదు. ఆ మాట చెప్పినప్పుడల్లా బడిలో దొంగలని తిడతాను.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "కరువులో మీ నాయన పోతే తలకాడ ఒక రాయి నాటేకి గతి లేకపోయె మనకు. ఆ మట్టిదిబ్బ కూడా వానకు కరిగిపోయె. ఎవురో పాపం, వాళ్ళోళ్ళకని ఇంత రాయి తొలిచి నాటుకుంటే, దాన్ని పీక్కొచ్చి మన నెత్తిన పెడితివి. నాకు శానా కష్టంగా ఉండాది నాయనా."

కరుణ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బావ గడ్డపార తీసుకుని మిద్దె ఎక్కాడు.

పొద్దు వాలేలోగా పలకను బండిలో తీసుకుపోయి, మోసిన ఆ నలుగురే దాన్ని మళ్ళీ తూర్పున నిలబెట్టారు. నేనూ ఒక చెయ్యి వేశాను, రెండు వేళ్ళు చితికాయి. తెల్లవారి అత్తమ్మ తన సంగటి కుండ అడుగు తానే పగలగొట్టి, "ఇది పెట్టు గవాచికి" అని కొడుకు చేతికిచ్చి, కొత్త ఇంట్లోకి నడిచింది. ప్రార్థన బాగా జరిగింది. ఆ సాయంత్రమే బావ, గుమ్మం ముందు మెట్టుకని ఎర్రగుంట్ల దిక్కు నుంచి తెప్పించిన నాపబండను ఊరి సమాధుల దొడ్డికి మోసుకుపోయి తండ్రి తలకాడ నాటాడు. ఆ ఇంటికి ఇప్పటికీ మెట్టు లేదు. మోకాలు ఎత్తి ఎక్కాల్సిందే.

పిరమిడ్ చూసే యోగం నాకు ఉందో లేదో. పాఠం మాత్రం మారింది. రాజు ఎంత రాయి పేర్పించాడన్నది కాస్త తగ్గించి, తనవాళ్ళ కోసం ఒక్క రాయి నిలబెట్టుకున్నవాళ్ళ గురించి ఎక్కువ చెబుతున్నాను. మీరు ఆ గుళ్ళు చూడబోతే నీళ్ళు తప్పక పట్టుకెళ్ళండి, గుట్ట మీద చుక్క దొరకదు. చివరన ఒక చిన్న గుడి చిల్లు చుట్టూ తెల్లగా సున్నం అంటుకుని కనిపిస్తుంది. లోపల ఎవరున్నారో నాకు తెలియదు. వాళ్ళ తలుపు మాత్రం మా అత్తమ్మ వేయించింది.