సబ్బు పూసిన కార్బొరేటర్

బాన్సువాడ బస్టాండు దాటి బిచ్కుంద తోవ పట్టగానే ఎడమ పక్క ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. అదే మెకానిక్ లింగం షాపు. కొత్త బండ్ల జోలికి అతను పోడు. వాటిని చూస్తే చాలు, ప్లాస్టిక్ డబ్బాలని మూతి తిప్పుకుంటాడు. మూలన పడ్డ పాత బండి ఎవరింట్లో ఉన్నా, ఊరు పిట్లమైనా వర్నియైనా, ట్రాలీలో వేసుకుని ఇక్కడికే తెస్తారు. లింగానికి పని బాగా వచ్చు. తన పేరంటే మమకారం అంతకన్నా ఎక్కువ. తనతో కాదనే మాట అతని నోట ఎవరూ విని ఎరగరు. అదే కొంప ముంచింది.

శ్రావణంలో గంగమణి కొడుకు సాయికిరణ్‌కు పెళ్లి కుదిరింది. గంగమణి బీడీలు చుట్టి కొడుకును పెంచిన మనిషి. భర్త కిష్టయ్య ఎప్పుడో పోయాడు. అతని మోటారు సైకిలు మాత్రం వసారాలో గోనెపట్టా కప్పుకుని ఉండిపోయింది. బారాత్ ఊరేగింపులో పెళ్లికూతురిని నాయిన బండి మీదే కూర్చోబెట్టుకుని తెస్తానని సాయికిరణ్ పట్టుబట్టాడు.

"మామా, ఇంజన్ మంచిగనే ఉంది గని, కార్బొరేటర్ కెల్లి పెట్రోల్ కారుతుంది. పెండ్లి లోపట చేసియ్యాలె," అన్నాడు బండి తెచ్చి.

"గిదొక పనా అల్లుడా. చాయ్ తాగి వచ్చేలోపట అయితది," అన్నాడు లింగం.

నిజంగా అది అంత పనే. పెట్రోలును ఆపే సూది అరిగింది. కొత్త సూది వేశాడు, లోపలంతా కడిగాడు, అడుగున పెట్రోలు నిలిచే గిన్నె బిగించాడు. చెయ్యి అక్కడే ఆగాల్సింది. షెడ్డు ముందు నలుగురు నిలబడి చూస్తున్నారాయె. వాళ్లకు కొత్త బండ్ల మీద ఉపన్యాసం దంచుతూ, ఉత్సాహం కొద్దీ స్క్రూను ఇంకొంచెం తిప్పాడు. పాత లోహం, టిక్కుమంది. గిన్నె అంచున వెంట్రుకంత పగులు వచ్చింది. పెట్రోలు మళ్లీ కారింది. మొదట కారింది సూది వల్ల, ఇప్పుడు లింగం వల్ల.

ఆ గిన్నె కోసం నిజామాబాద్ దాకా ఫోన్లు చేశాడు, ఎక్కడా దొరకలేదు. నా చేతిలో పగిలింది, బారాత్‌కు కారు చూసుకో అని పిల్లవాడికి ఒక్క మాట చెబితే పోయేది. ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. చివరికి బట్టల సబ్బు తీశాడు.

సబ్బు పెట్రోలుకు కరగదు. దారిలో ట్యాంకు కారితే సబ్బు రుద్దుకుని ఇల్లు చేరడం మెకానిక్కులందరికీ తెలిసిన ఉపాయమే. దాన్ని ఎవరూ రిపేరు అనరు. నాలుగు చినుకులు పడితే అది నురగై పోతుంది. లింగం ఆ పగుల్లోకి సబ్బు దట్టించి, పైన ఇంత మసి పూసి, అయిందని బండి అప్పజెప్పాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

పెళ్లినాడు సాయంత్రం బారాత్ బయలుదేరింది. లింగాన్ని బండి పక్కనే నడవమన్నారు. ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ సాయికిరణ్, "మా నాయిన బండిని మామనే బతికిచ్చిండు," అని చెబుతున్నాడు. లింగం తేలు కుట్టిన దొంగలా నవ్వుతున్నాడు. అంతలో తుంపర మొదలైంది.

తీన్మార్ ఆడేవాళ్లకు తుంపర ఇంకా హుషారెక్కించింది. లింగం వంగి చూశాడు. తెల్లటి నురగ జారుతోంది, దాని వెంట చుక్క చుక్కగా పెట్రోలు. పక్కనే కాలుతున్న ఇంజను. వెనక సీటు మీద పట్టుచీరలో పెళ్లికూతురు. ముందు ఎవరో పటాకుల లడి రోడ్డు మీద పరుస్తున్నారు.

ఆపండి, తప్పు నాది అని అరవాలి. లింగం నోరు తెరిచాడు, కానీ చుట్టూ ఊరంతా ఉంది. చేతులు మాత్రం ముందుకు పోయి పెట్రోలు నల్లా కట్టేశాయి, తాళం తిప్పేశాయి.

"దిగుండ్రి. పెట్రోల్ అయిపోయింది," అన్నాడు. "పటాకులు గటు దూరం పోయి కాల్చుండ్రి."

ఎవరికీ ఏమీ కాలేదు. లింగం పరువుకూ ఏమీ కాలేదు. "సచ్చినోని తుక్కు బండి ఎందుకు తెచ్చిండ్రు," అన్నారు ఆడపిల్ల వాళ్లలో ఎవరో. నలుగురూ నవ్వారు. సాయికిరణ్ ముఖం మాడ్చుకుని పెళ్లికూతురితో కారెక్కాడు. తన తప్పును చచ్చిపోయిన కిష్టయ్య బండి మీదికి నెట్టి, లింగం ఆ బండిని తోసుకుంటూ పెళ్లింటికి నడిచాడు. అంత సిగ్గు అతను జన్మలో ఎరగడు.

పెళ్లింటి ముందు సాయికిరణ్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మామా, పెట్రోల్ చూసుకోలే. నీ పేరు ఖరాబ్ చేసిన. మాఫ్ చెయ్."

"ఫికర్ చెయ్యకు," అన్నాడు లింగం. అన్నాక నాలుక కోసుకోవాలనిపించింది.

కొడుకు లోపలికి పోయాక గంగమణి పళ్లెంలో కొత్త బట్టలు తెచ్చి, లింగానికి బొట్టు పెట్టి చేతికిచ్చింది. తర్వాత నెమ్మదిగా అంది, "పొద్దుగాల నేనే ట్యాంకు నిండ పోయించిన, అన్నా. పిలగాడు తన తప్పే అనుకొని బువ్వ తింటలేడు."

లింగం బట్టలను మళ్లీ పళ్లెంలోనే పెట్టాడు. లోపలికి పోయి, పెళ్లివాళ్లందరి ముందు నిలబడి, "బండిల తప్పు లేదు, నేనే పలగ్గొట్టిన," అన్నాడు. బ్యాండు మోతలో ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.